తొట్టికి లంఖణం

కిందటి వారం మీరు నన్ను తొట్టి మూత మీద కూర్చోబెట్టి, పేజీ తిప్పేసి, హాయిగా మీ పనుల్లోకి వెళ్ళిపోయారు. నేను మాత్రం అక్కడే కూర్చున్నాను. ఎదురుగా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. ఆయన వెనక మురుగు లాగే ట్యాంకర్ లారీ. బంపర్ మీద కాలు పెట్టుకుని, ఈ ఇంటి తగువు ఎప్పటికి తెగుతుందా అని చూస్తున్న డ్రైవరు. నేను లేచానంటే లారీ గొట్టం తొట్టిలోకి దిగుతుంది. అందుకే లేవట్లేదు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. కోత అయ్యాక చేలల్లో మిగిలే చొప్పని ఏటా తగలబెట్టి, ఆ పొగకి ఊరంతా కళ్ళు తుడుచుకునే రోజులు మా దగ్గర పోయాయి. ఇప్పుడు ఆ చొప్పని ముక్కలు చేసి, నానబెట్టి, మా పెరట్లోని గుండ్రటి సిమెంటు తొట్టికి మేతగా వేస్తాం. గాలి చొరబడని ఆ తొట్టిలో అది మెల్లగా మురిగి గ్యాస్ అవుతుంది. తొట్టి నెత్తిన ఓ పక్క నేను కూర్చున్న ఈ మూత, మిగతా అంతా రబ్బరు బెలూన్. ఆ గ్యాస్‌తో బెలూన్ ఉబ్బుతుంది. అక్కడి నుంచి నేను బిగించిన గొట్టాల్లోంచి మా వీధి వంటిళ్ళకీ, మూల మీద బేకరీకీ వెళ్తుంది. పెళ్ళికి ముందు నీళ్ళ గొట్టాలు బిగించేదాన్ని, పెళ్ళయ్యాక గ్యాస్ గొట్టాలు. వీధిలో నా పేరే గొట్టాలమ్మాయి అయిపోయింది. మా ఆయన కోత మిషన్ డ్రైవరు, ఈ రోజుల్లో ఇంటిపట్టున ఉండడు. తోడికోడలు ఆస్పత్రిలో నర్సు, పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. పగలు ఇంట్లో మిగిలేది నేనూ, అత్తయ్యా, పొలం చూసుకునే బావగారూ.

అంతా సవ్యంగా సాగుతుంటే కొన్నాళ్ళుగా ఒక వింత మొదలైంది. బెలూన్ చూస్తే నిండుచూలాలిలా ఉంది, పొయ్యి మాత్రం వెలగదు. గ్యాస్ బుస్సుమని వస్తుంది, అగ్గిపుల్ల చూపిస్తే పుల్లే ఆరిపోతుంది. వీధిలో అందరి వంటా ఆగింది, నా పరువూ ఆగింది. చివరికి బావగారు ట్యాంకర్ పిలిపించేశారు. తొట్టి కట్టిన స్థలం ఆయన వాటాది, కాదనే హక్కు నాకు లేదు. కానీ తొట్టి ఖాళీ చేస్తే, నెలల తరబడి లోపల పెంచుకున్న ప్రాణమంతా మురుగుకాలవ పాలవుతుంది. మళ్ళీ మొదటి నుంచి పెంచాలంటే ఒక పంటకాలం పోతుంది. ఈలోపు తొట్టి కోసమే వెనక చేలో వేసిన ఏనుగు గడ్డి ఎండి పుల్లలవుతుంది, బేకరీ డీజిల్ పొయ్యికి మళ్ళుతుంది. ఆ తర్వాత గొట్టాలమ్మాయి మాట ఎవరు నమ్ముతారు? అదీ సంగతి.

"లేమ్మా, ఎండ ఎక్కుతోంది," అన్నారు బావగారు.

"ఎక్కనివ్వండి. నేనేం వెన్నముద్దని కాను, కరిగిపోవడానికి."

"మొండితనానికైనా ఒక హద్దుండాలి."

"నేనూ అదే అంటున్నాను బావగారూ."

డ్రైవరు దగ్గాడు. "సార్, మీరూ మీరూ తేల్చుకుని చెప్పండి. నాకింకా వేరే ఇళ్ళున్నాయి," అంటూ జేబులోంచి సిగరెట్ తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"ఓరి నాయనో! అది వెలిగించకు బాబూ!" అని అరిచాను. "మా పొయ్యిలు వెలగట్లేదు గానీ నువ్వు వెలుగుతావు!"

పాపం, సిగరెట్టుతో పాటు అగ్గిపెట్టె కూడా తీసుకెళ్ళి లారీలో పెట్టి వచ్చాడు.

సరిగ్గా అప్పుడే గేటు తోసుకుని బేకరీ అక్క వచ్చింది. మోచేతుల దాకా పిండి, ముక్కు చివరన పిండి. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. "ఏమమ్మా గొట్టాలమ్మాయ్, నా పొయ్యి సంగతేంటి? పొద్దున కలిపిన పిండి పులిసి పులిసి గిన్నె దిగి నడిచొచ్చేలా ఉంది. రొట్టె ఏదని అడిగేవాళ్ళకి ఏం చెప్పను, గాలి పీల్చుకోండని చెప్పనా?"

నాకు బుర్రలో దీపం వెలిగింది. "అక్కా, నీకు పుణ్యముంటుంది. కాసేపు ఇలా వచ్చి నా చోట్లో కూర్చో."

ఎందుకని కూడా అడగలేదు మహాతల్లి. వచ్చి మూత మీద చతికిలబడింది. ఇక క్రేను తెచ్చినా ఆ మూత లేవదు. పరాయి ఆడమనిషిని లెమ్మనడం బావగారి వల్ల కాదు, ఆ సంగతి నాకు తెలుసు.

"ఖాళీ చేద్దురు గానీ, ముందు లోపల ఏముందో ఒక్కసారి చూడనివ్వండి," అన్నాను.

"చూసి ఏం చేస్తావు? పోయినదానికి పరీక్షలెందుకు? కానివ్వవయ్యా డ్రైవరూ."

ఆ తొందర నాకు నచ్చలేదు. బావగారు నిదానం మనిషి. చొక్కా గుండీ ఊడితే కుట్టించుకోవడానికి వారం ఆలోచిస్తారు. అలాంటి మనిషికి ఇవాళ నిలబడ్డ చోట కాళ్ళు నిలవట్లేదు, నా కళ్ళలోకి చూడట్లేదు. మొదటి నుంచీ తొట్టి అంటే ఆయనకి గిట్టదు. తిండిగింజలు పండాల్సిన చేలో తొట్టి కోసం గడ్డి పెంచుతారా అని నాతో మాట్లాడటం కూడా మానేసిన రోజులున్నాయి. నా అనుమానం ఆయన మీదికి పోక ఇంకెవరి మీదికి పోతుంది?

తొట్టి పక్కనున్న కుళాయి తిప్పి గిన్నెలో కాస్త నీళ్ళు పట్టాను. బాగున్నప్పుడు ఆ నీళ్ళు తడిమట్టి వాసన, పశువులపాక వాసన కలిసి వస్తాయి. ఇప్పుడు ముక్కు పగిలేంత పులుపు. లిట్మస్ కాగితం ముంచితే ఎర్రగా అయింది. వెంటనే, తొట్టిలోకి చొప్ప వేసే మేత గొట్టం దగ్గరికి పరిగెత్తి, దాని అడుగున ఉండే జల్లెడ లాగి చూశాను. చొప్ప పీచుల మధ్య మెత్తటి ముద్ద ఏదో అతుక్కుని ఉంది. వేలితో తీసి చూస్తే మధ్యలో కిస్మిస్.

నేను వేసే మేత చొప్ప, గడ్డి. చొప్పకి కిస్మిస్ కాయదు.

"ఏదీ, ఇలా తే," అంది బేకరీ అక్క కూర్చున్న చోటి నుంచే. చూసీ చూడగానే మొహం మారిపోయింది. "ఇది నా పాలబన్ను కదే! ఆ చక్కెర పూత నాదే. మిగిలిపోయిన బన్నులు పిట్టలకి వేస్తానంటే నేను రోజూ..." అని చటుక్కున ఆగిపోయింది. ఆగి బావగారి వైపు చూసింది.

"నేనే వేశాను," అన్నారు బావగారు.

"మీరా? మీరు వేశారా బావగారూ? తొట్టి ఇష్టం లేకపోతే నాతో పోట్లాడండి, తిట్టండి. నోరులేని దానికి ఇంత పని చేస్తారా?"

"చేశాను. అయిపోయింది. ఇంక ఖాళీ చేయించడమే."

"ఎలా వేశారు?"

"ఎలా ఏంటి? మూత పైకి ఎత్తాను, వేశాను."

కోపంతో నోరు తెరిచిన దాన్ని, ఆగి మేత గొట్టం మూత వైపు చూశాను. మేత గొట్టం మూత పైకి లేవదు, పక్కకి తిరుగుతుంది. బిగిసిపోయి ఉంటుంది కాబట్టి రెండు చేతులూ వేసి తిప్పాలి. ఈ మనిషి దాన్ని జన్మలో ముట్టుకున్న పాపాన పోలేదు. మరి ఎందుకు తలకెత్తుకుంటున్నట్టు?

జవాబు వంటింటి తలుపు తీసుకుని తనే నడిచి వచ్చింది.

"జరగండి, జరగండి. అందరూ దాని చుట్టూ మూగితే దానికి గాలెలా ఆడుతుంది? ఆకలి వేళయింది," అంటూ అత్తయ్య, చేతిలో బకెట్. బకెట్ నిండా పాలల్లో నానేసిన బన్నులు. పైన చక్కెర కూడా చల్లింది. మా నలుగురినీ దాటుకుని వెళ్ళి, మేత గొట్టం మూతని రెండు చేతులతో పట్టి అనాయాసంగా పక్కకి తిప్పింది.

"అమ్మా, లోపలికి వెళ్ళు!" అన్నారు బావగారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అత్తయ్య బకెట్ పట్టుకుని అలాగే నిలబడింది. మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. "ఏమైందిరా?"

డ్రైవరు కూడా తల దించుకున్నాడు. చివరికి బావగారే నా దగ్గరికి వచ్చి, ఆవిడకి వినపడకుండా మాట్లాడాలని ప్రయత్నించారు. గొంతు ఆయన మాట వినలేదు. "మొన్న చూశానమ్మా. బకెట్ పెట్టుకుని దీంతో కబుర్లు చెప్తోంది. తిను తల్లీ, తిను అంటోంది. అందరి పొయ్యిలూ ఆర్పింది తనేనని తెలిస్తే అమ్మ వీధిలోకి వస్తుందా? తొట్టి ఖాళీ చేసేస్తే పీడా పోతుంది, కారణం ఎవరూ అడగరు అనుకున్నాను. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. నాకు అలవాటే."

ఇన్ని వారాలుగా ఈ మనిషిని మీకు విలన్‌గా చూపిస్తూ వచ్చాను. మీరూ నమ్మారు. ఉత్తరాలు రాసి మరీ తిట్టారు. ఆ తిట్లన్నీ దయచేసి వెనక్కి తీసుకోండి, నేనూ తీసుకుంటున్నాను.

కానీ అత్తయ్య మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. కళ్ళు తిరిగేంత కోపం వచ్చింది. "అత్తయ్యా, ఏం పని చేశారండీ ఇది? దానికి ఎవరు పెట్టమన్నారు ఇవన్నీ?"

"ఎవరు చెప్పాలే?" అంది ఆవిడ. "ఎంతసేపూ గడ్డీ గాదమూ తిని ఏ ప్రాణి బతుకుతుంది? నువ్వేగా ఇది కడుపు లాంటిదన్నావు, దీనికీ ఆకలేస్తుందన్నావు. వేస్తే ఎంత బాగా తినేదో. మర్నాటికల్లా ఎంత లావెక్కేదో. రా, నువ్వే చూడు ఆ బెలూను!" అని మురిపెంగా చూపించి, మా మొహాల్లో మురిపెం కనపడక, గొంతు తగ్గించింది. "వంటిల్లు మీరిద్దరూ తీసుకున్నారు. నన్ను కూర్చోబెట్టి చూసుకుంటున్నారు, కాదనను. మంచం మీదికే కాఫీ తెస్తారు. కానీ నేను పెడితే తిని ఎవరైనా లావెక్కి ఎన్నాళ్ళయిందే అమ్మాయ్?"

ఆ మాటకి నా కోపం సగం చచ్చింది. మిగతా సగాన్ని పళ్ళ బిగువున ఆపుకుని, ఆవిడ చేతిలో బకెట్ తీసుకుని కింద పెట్టాను. అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. తొట్టిలో కంటికి కనపడని జీవాలు రెండు రకాలు. మొదటివి తొందర మనుషులు, వేసిన మేతని చకచకా పులుపుగా మారుస్తాయి. రెండోవి నిదానస్తులు, ఆ పులుపుని తీరుబడిగా తిని మండే గ్యాస్ ఇస్తాయి. చొప్ప గట్టిది కాబట్టి మొదటివాళ్ళు నెమ్మదిగా నమలాల్సి వస్తుంది, రెండోవాళ్ళకి సరిపోతుంది. బన్నూ చక్కెరా పడితే మొదటివాళ్ళకి పండగే. వడ్డించేవాడు పరుగులు పెడుతుంటే తినేవాడికి పొలమారినట్టు, రెండోవాళ్ళు ఆ పులుపులో పడి ఉక్కిరిబిక్కిరైపోయారు. బెలూన్‌లో ఉన్నది మండే గ్యాస్ కాదు, ఉత్త వాయువు.

"అంటే లావు కాదా అది?" అంది అత్తయ్య.

"ఉబ్బరం అత్తయ్యా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బేకరీ అక్క మూత మీద కూర్చుని ముక్కు చీదింది. "ఛీ ఛీ, నా బన్నులే నా పొయ్యి ఆర్పాయా! పిట్టలకనుకుని ఏరి ఏరి మంచివి ఇచ్చానమ్మా!"

"సరే, తెలిసిందిగా," అన్నారు బావగారు అలసటగా. "ఇక లేవండి. అమ్మ రోజూ దీని ముందు కూర్చుని కుమిలిపోవడం నేను చూడలేను. కానివ్వవయ్యా."

డ్రైవరు గొట్టం అందుకున్నాడు. నేను అడ్డం వెళ్ళేలోపే అత్తయ్య లేచింది.

"ఆగరా పెద్దోడా!"

ఆ కేకకి డ్రైవరు చేతిలో గొట్టం కింద పడింది.

"చిన్నప్పుడు బుట్టెడు పచ్చి మామిడికాయలు తినేసి కడుపు పట్టుకుని దొర్లావు, గుర్తుందా? అప్పుడు నీ కడుపు కోయించానా? పేగులు తీసి పారేయించానా? లంఖణం పరమౌషధం అని పస్తు పెట్టి, పక్కన కూర్చుని కాచుకున్నాను. కడుపు పాడైతే లంఖణం పెట్టాలి గానీ కడుపే తీసేస్తారట్రా ఎక్కడైనా? తప్పు చేసింది నేను. దాన్నెందుకు చంపుతావు?"

బావగారు నా వైపు చూశారు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆయన నన్ను సలహా అడగడం అదే మొదలు, అదీ కళ్ళతో.

"అత్తయ్య చెప్పింది నిజమే," అన్నాను. "మేత పూర్తిగా ఆపెయ్యాలి. పులుపు విరగడానికి సోడా కొంచెం కొంచెంగా కలపాలి. ఆరోగ్యంగా ఉన్న తొట్టిలోంచి కాస్త నీళ్ళు తెచ్చి పోస్తే రెండోరకం జీవాలు కొత్తవి వచ్చి చేరతాయి. డెయిరీ వాళ్ళ పేడ తొట్టి బాగుంది. అడిగితే ఇస్తారు."

"సోడాయా? కేకులకి తెచ్చుకున్న బస్తాలున్నాయి, ఎంత కావాలంటే అంత తీసుకో," అంది బేకరీ అక్క, మూత మీంచి మాత్రం లేవకుండా.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నారు బావగారు.

"తెలియదండీ."

"తెలియదంటే ఎలాగమ్మా? వీధి ఆగుతుందా?" ఆయన కాసేపు బెలూన్ కేసి చూశారు. "ఒక మాట. ఈ అక్కగారి పెద్ద పొయ్యి వెలగాలి. అది వెలిగిన రోజు నేను నోరెత్తను. నువ్వు వెలిగిస్తానని పిలిచిన రోజు వెలగకపోతే, గేటు ముందు లారీ సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు మూత మీద ఎవరూ కూర్చోకూడదు."

"ఒప్పుకున్నాను."

"నేనూ ఒప్పుకున్నాను," అంది అత్తయ్య, ఆవిణ్ణి ఎవరూ అడగకపోయినా.

డ్రైవరు తల గోక్కున్నాడు. "ఇంతకీ నన్నేం చెయ్యమంటారు? ఖాళీ చెయ్యడానికి పిలిచి నింపమంటున్నారు. లాగడమే గానీ పోయడం నా సర్వీసులో లేదు." అన్నాడే గానీ, లారీ బాగా కడిగించి, డెయిరీకి వెళ్ళి, నురగలు కక్కే పేడనీళ్ళు జాగ్రత్తగా తెచ్చి పోశాడు. పోసేటప్పుడు అత్తయ్య పక్కనే నిలబడి, "మెల్లగా బాబూ, నీరసంగా ఉంది దానికి," అని చెప్తూనే ఉంది.

ఆ రోజు నుంచి లంఖణం. అత్తయ్య స్టూలు తెచ్చుకుని మేత గొట్టం పక్కన కాపలా. పిట్ట వాలితే తోలింది, ఆకు రాలితే ఏరింది. చివరికి నేను నీళ్ళు పట్టడానికి వెళ్ళినా, "ఏం చేస్తున్నావు? చేతిలో ఏముంది?" అని గద్దించింది. నేను పొద్దునా సాయంత్రం సోడా కలిపి లోపలి తెడ్డు తిప్పేదాన్ని. చెయ్యి నొప్పెడితే ఆవిడ తిప్పేది. మధ్యాహ్నాలు ఒంటరిగా ఉన్నప్పుడు దానికి ధైర్యం చెప్పేది. "ఇంకొంచెం ఓర్చుకో తల్లీ, నాకూ నిన్ను మాడ్చాలని లేదు," అనడం నా చెవులతో విన్నాను. ఆవిడ కూడా ఆ రోజుల్లో ఒంటిపూటే తిన్నది. ఎంత బతిమాలినా వినలేదు.

బెలూన్ మాత్రం రోజురోజుకీ జారిపోయింది. ఉబ్బరం దిగడం మంచిదని నాకు తెలుసు. వీధికి తెలియదుగా! గోడ మీంచి చూసి, "చచ్చింది" అన్నారు. ఎవడో మహానుభావుడు, "చచ్చింది కాదు, చంపారు. పెద్దాయనకి మొదటి నుంచీ కంటగింపే కదా," అన్నాడు. మాట వీధి చివరికి వెళ్ళి వచ్చేలోపు కాళ్ళూ చేతులూ మొలిచాయి. టీ కొట్టు దగ్గర బావగారు కూర్చుంటే పక్కవాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఆయన టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, ఏమీ జరగనట్టు పొలానికి వెళ్ళేవారు. నేను ఉండబట్టలేక నిజం చెప్పేస్తానన్నాను. "చెప్పావంటే నీకూ నాకూ మాటల్లేవు," అన్నారు. కొత్తగా మాటలు మొదలైన చోట అదేం బెదిరింపో!

ఒక పొద్దున అత్తయ్య పాల ప్యాకెట్ కోసం వీధిలోకి వెళ్ళి వచ్చింది. ప్యాకెట్ గట్టు మీద పెట్టి, నా వైపు తిరగకుండానే అడిగింది. "మా పెద్దోణ్ణి వీధిలో ఏమనుకుంటున్నారే?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. చెప్పేశాను. ఆవిడ విని, "అలాగా," అంది. అంతే, వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఆ పూట తొట్టితో కూడా మాట్లాడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, లిట్మస్ కాగితం ముంచితే ఎర్రబడటం మానేసింది. వాసనలో పులుపు పోయి పశువులపాక తిరిగొచ్చింది. పరీక్ష బర్నర్ గొట్టానికి తగిలించి, అగ్గిపుల్ల చూపించాను. గోరంత మంట, నీలంగా, కదలకుండా నిలబడింది. నేను ఏడ్చేశాను. సిగ్గేం లేదు, బావురుమని ఏడ్చాను. అత్తయ్య పరిగెత్తుకొచ్చి, మంట చూసి, "పథ్యం పెట్టొచ్చా?" అంది. గుప్పెడు నానిన చొప్పతో మొదలెట్టి, రోజుకి కాస్త పెంచుతూ వచ్చాం. ఆ గుప్పెడూ ఆవిడ చేత్తోనే వేయించాను. బెలూన్ మెల్లగా, ఈసారి నిజంగానే, తల ఎత్తింది.

అయితే గోరంత మంట వేరు, బేకరీ పొయ్యి వేరు. అందుకే తొందరపడకుండా ఆగి ఆగి, బెలూన్ నడుము దాటి నిండాక, ఇవాళ పిలిచాను.

వీధి మొత్తం బేకరీలో ఉంది. లోపల పట్టనివాళ్ళు గుమ్మంలో, గుమ్మంలో పట్టనివాళ్ళు రోడ్డు మీద. గాలి ఆడాలని తలుపులూ కిటికీలూ బార్లా తీయించాను. మాట ప్రకారం ట్యాంకర్ లారీ మా గేటు ముందుకి వచ్చి ఆగింది, డ్రైవరు నడిచి వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. బేకరీ అక్క ట్రేల నిండా పిండి ఉండలు పేర్చి పెట్టుకుంది. బావగారు ఓ మూల నిలబడ్డారు. ఆయన చుట్టూ మనిషి పట్టేంత ఖాళీ. ఇరుకులో కూడా ఆ ఖాళీలోకి ఎవరూ జరగలేదు.

లైటర్ అత్తయ్య చేతికిచ్చాను. ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. నొక్కలేదు. వెనక్కి తిరిగి జనం వైపు చూసింది.

"వెలిగించే ముందు ఒక మాట," అంది. "మీ పొయ్యిలు ఆర్పింది మా పెద్దోడు కాదు. నేను. తెలియక, ప్రేమకొద్దీ దానికి బన్నులు మేపాను. నా పరువు పోతుందని వాడు ఇన్నాళ్ళూ మీ చేత మాటలు పడ్డాడు. అనేదేదైనా ఉంటే నన్నే అనండి. వాణ్ణి అంటే ఊరుకోను."

బావగారు గోడకేసి తిరిగి చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నారు. ముందు వరసలో ఎవరో ముసలావిడ, "అయ్యో వదినా, మా మనవడికి నేనూ అంతేగా, వద్దన్నా కూరుతాను," అంది. దాంతో నవ్వులు. టీ కొట్టు అతను, ఎవరూ చెప్పకుండానే, జరిగి జరిగి బావగారి పక్కనున్న ఖాళీలోకి వెళ్ళి నిలబడ్డాడు.

నేను వాల్వు తిప్పాను. అత్తయ్య లైటర్ లోపల పెట్టి నొక్కింది.

టక్. ఏమీ లేదు.

వాల్వు కట్టేసి, గాలి పోనిచ్చి, మళ్ళీ తిప్పాను. టక్. బర్నర్లలోంచి సుయ్యిమని చప్పుడు, మంట లేదు. అంత పొడుగు గొట్టంలో పాత గ్యాస్ ఇంకా మిగిలి అడ్డం పడుతోందో, లోపలి ప్రాణం పెద్ద పొయ్యికి ఇంకా చాలట్లేదో, నాకే తెలియలేదు. గుమ్మం దగ్గర డ్రైవరు బావగారి వైపు చూసి, లారీ తాళాలు ఎత్తి చూపించాడు, పెట్టమంటారా గొట్టం అన్నట్టు.

బావగారు జనాన్ని తప్పించుకుంటూ అతని దగ్గరికి నడిచారు. ఆ తాళాలు తీసుకుని తన చొక్కా జేబులో వేసుకున్నారు.

"ఇంకోసారి నొక్కమ్మా," అన్నారు.